వెలినిడినా, వెలివడినా?

ఇంట్లో మూడు కంప్యూటర్లు, మూడింట్లోనూ ఒకే డెబియన్ లినక్స్. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అదే ప్యాకేజీని మూడుసార్లు దించుకోవడం ఎందుకని పాత డెస్క్‌టాప్‌లో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ అనే, ప్యాకేజీల కాపీలు దాచిపెట్టే ప్రోగ్రామ్ పెట్టాను. మిగతా రెండూ 3142 పోర్టులో దాన్నే అడుగుతాయి. ఫైలు ఉంటే ఇస్తుంది, లేకపోతే బయటినుంచి తెచ్చి, ఒక కాపీ అట్టేపెట్టుకుని ఇస్తుంది. దాని కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్లో కామెంటుగా గజేంద్ర మోక్షంలోని పోతన పద్యం రాయబోయి ఆగిపోయా. "ఒకపరి జగముల వెలివడి, యొకపరి లోపలికి గొనుచు నుభయుడు తానై..." ఉభయుడా, ఉభయమా?

— ఉభయమే. అంతకుముందే జారారు, వెలివడి కాదు, వెలినిడి. వెలివడడం అంటే తాను బయటికి రావడం. ఇక్కడ జగాలను బయట పెడుతున్నాడు.

— "జగముల వెలివడి" అంటే లోకాల అవతలికి వెళ్ళి అని ఎందుకు కాకూడదు? మా తాతగారు అలాగే చదివేవారు. రెండూ నాలుగు లఘువులే కదా, గణం చెడదు.

— గణం చెడదు సరే, "లోపలికి గొనుచు"కి కర్మ ఏదండీ? జగములే. సంస్కృత భాగవత మూలంలోనూ "క్వచిద్విభాతం క్వ చ తత్తిరోహితం" అని కనబడేదీ మరుగయ్యేదీ లోకమే.

— మూలం దాకా వెళ్ళారు గనక ఇంకో అడుగు వేయండి. అక్కడ "సాక్ష్యుభయం తదీక్షతే", ఆ రెంటినీ చూస్తాడంతే. "తానై" అన్నది పోతన చేర్పు. ఆ ఒక్క మాట కోసం "ఎవ్వనిచే జనించు" కన్నా దీన్నే ఎక్కువసార్లు చదువుకుంటాను.

— పద్యం బాగుంది గానీ మీ సర్వర్‌కి అతకదు. పోతన ముందు వెలినిడి తర్వాత లోపలికి తీసుకున్నాడు. క్యాష్ (మీ సర్వర్ దాచే కాపీల కొట్టు) ముందు లోపలికి తెచ్చుకుని తర్వాత బయటికిస్తుంది. పైగా కంప్యూటర్ నేరుగా హెచ్‌టీటీపీఎస్‌లో (గుప్తీకరించిన దారిలో) రిపోజిటరీని, అంటే ప్యాకేజీలు ఉండే చోటుని, అడిగితే లోపల ఏముందో దానికి కనబడదు, దాచుకోనూ లేదు.

— పద్యంలో ఆ తర్వాత వచ్చే "సకలార్థ సాక్షి" కూడా కుదరదు. ప్యాకేజీ అసలుదో కాదో చెప్పేది సర్వర్ కాదు, రిపోజిటరీ డిజిటల్ సంతకం. దాన్ని ఏ కంప్యూటర్‌కి ఆ కంప్యూటరే సరిచూసుకుంటుంది.

— "ఉభయము తానై" మాత్రం నూటికి నూరుపాళ్ళు. ఇంట్లోవాటికి సర్వర్ (ఇచ్చేది), బయటి మిర్రర్‌కి, అంటే రిపోజిటరీ నకలుకి, క్లయింట్ (అడిగేది).

— అసలు అడిగినాయన ఏరీ?

— ఉన్నానండీ. వెలినిడి అనే రాశాను. ఇప్పుడే రెండో కంప్యూటర్‌లో అప్‌డేట్ కొడితే "దించుతోంది" అన్న లైను కనబడేలోపే అయిపోయింది. పైన ఒకరు చెప్పిన తాతగారి పాఠం మీద ఇంకా అనుమానంగానే ఉంది.

— మా ప్రతిలో "వెలినిడి"యే. కానీ మీరెవరూ అదే పద్యం చివర్లోని "ఆత్మమూలు" దగ్గర ఆగలేదేం? దాని సమాసం చెప్పండి, అప్పుడు మాట్లాడదాం.