బాదం రుచితో స్ట్రాబెర్రీ షార్ట్‌కేక్: పొంగకుండా పరచుకుపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
స్ట్రాబెర్రీ షార్ట్‌కేక్ (వెన్న కలిపి కాల్చిన చిన్న కేకును మధ్యకు విడదీసి, క్రీమ్, స్ట్రాబెర్రీలు పెట్టే వంటకం) నేను చాలాసార్లు చేశాను. ఈసారి దానికి బాదం రుచి తేవాలన్న కోరికతో, 250 గ్రాముల మైదాలో సగం తీసేసి, ఆ స్థానంలో బాదం పొడి వేసి, ఒక టీస్పూను బాదం ఎసెన్స్ కూడా కలిపాను. ఓవెన్‌లో అవి పైకి లేవకుండా పక్కలకు పరచుకుపోయాయి. చల్లారాక చేత్తో తీస్తే పొడిపొడిగా రాలాయి. వాసన మందుసీసా మూత తీసినంత ఘాటుగా ఉంది గానీ, నోటికి మాత్రం బాదం తిన్న తృప్తి కలగలేదు. నా పొరపాటు ఎక్కడ జరిగిందో దయచేసి చెప్పగలరా?

జవాబు 1:
బాదం పొడిలో గ్లూటెన్ (మైదా ముద్దకు సాగే గుణమిచ్చే ప్రోటీన్) ఉండదండీ, కొవ్వు మాత్రం దాదాపు సగం ఉంటుంది. మైదాలోని గ్లూటెన్ అల్లుకుని బేకింగ్ పౌడర్ పుట్టించే వాయువును పట్టి ఉంచుతుంది కాబట్టి, సగం మైదా తీసేస్తే ఆ వాయువు నిలవదు, వెన్న కరిగే వేళకు ముద్దను ఆపే బలమూ ఉండదు. 190 గ్రాముల మైదాకు 60 గ్రాముల బాదం పొడి చాలు. వెన్న గట్టిగా, చల్లగా ఉండాలి. ముక్కలు కోశాక ట్రేతో సహా ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు కాల్చండి. బాదం త్వరగా ఎర్రబడుతుంది, పన్నెండో నిమిషం నుంచే కనిపెట్టుకుని ఉండటం మంచిది.

జవాబు 2:
రుచి సంగతి నేను చెబుతాను. ఎసెన్స్‌లో ఉండే ఘాటు వాసన బెంజాల్డిహైడ్ అనే పదార్థానిది. అది చేదు బాదంలోనూ, ఆప్రికాట్ గింజల్లోనూ పుట్టే వాసన. మనం తినే తీపి బాదంలో ఆ వాసన చాలా తక్కువ, వేయించినప్పుడు వచ్చే కమ్మదనం పూర్తిగా వేరు. అందుకే ఎసెన్స్ ఎంత పెంచినా ఆ కమ్మదనం రాదు. బాదం పొడిని సన్నని సెగ మీద కదుపుతూ లేత గోధుమరంగు వచ్చేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చాకే మైదాలో కలపండి. వేడి ఉంటే వెన్న కరిగిపోతుంది. ఎసెన్స్ ముద్దలో పావు టీస్పూను, గిలకొట్టిన క్రీమ్‌లో రెండు మూడు చుక్కలు మించకూడదు. క్రీమ్ కాలదు కాబట్టి అందులో ఆ కొన్ని చుక్కలే నిలిచి తెలుస్తాయి. నా మట్టుకు నాకు ఈ వంటకంలో ప్రాణమంతా ఆ క్రీమ్‌లోనే ఉందనిపిస్తుంది.

జవాబు 3:
పండ్లను మరవకండి. ముక్కలకు చక్కెర పట్టించి అరగంట ఉంచితే రసం ఊరుతుంది. బాదం కలిసిన షార్ట్‌కేక్ మామూలు దానికంటే త్వరగా విరుగుతుంది కాబట్టి, ఆ రసాన్ని సరిగ్గా వడ్డించబోయే ముందు మాత్రమే పోయాలి. ఇంకొక మాట: బాదం పడనివారు ఎవరైనా ఉంటే ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
మీ అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన కొలతలతో నిన్న మళ్ళీ చేశాను. ఈసారి చక్కగా పొంగాయి, మధ్యకు విడదీస్తే రాలలేదు. పైన పాలు రాసి, పలుచని బాదం పలుకులు అద్ది కాల్చాను. అవి కరకరలాడుతుంటే, కింద వేయించిన పొడి కమ్మదనం స్ట్రాబెర్రీల పులుపుతో ఇంత బాగా కలుస్తుందని నేను అనుకోలేదు.