మంగళగిరి వచ్చేసరికి బండికి ఊపు పోతోంది

నాన్నగారి 2003 నాటి బండి, కార్బ్యురేటర్‌ది. రోజూ గుంటూరు నుంచి బెజవాడ వెళ్తాను. కాజ దాకా బాగానే లాగుతుంది. మంగళగిరి దగ్గర దగ్గుతూ ఆగిపోతుంది. టీ తాగొచ్చి కిక్ కొడితే మళ్లీ మామూలే! స్పార్క్ ప్లగ్ కొత్తదే. వారధి మీద లారీల మధ్య ఆగితే ఏంటని టెన్షన్.

జవాబు: ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది) వేడెక్కుతోందేమో. ఆగిన వెంటనే స్పార్క్ చూడండి, చల్లారాక చూస్తే లోపం దొరకదు.

జవాబు: ముందు ట్యాంకు మూత తియ్యి తమ్ముడూ. సుయ్‌మని గాలి పీల్చుకుంటే మూతలో గాలి కన్నం మూసుకుపోయినట్టే. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు. నేను అనవసరంగా కాయిల్ మార్చాక తెలుసుకున్నా.

అడిగినవాడు: సుయ్‌మంది అన్నా! కన్నం నిండా గట్టిపడిన మట్టి. మూత ఊడదీసి పిన్నుతో తీశా. ఇవాళ బెంజ్ సర్కిల్ దాకా ఆగలేదు.