కూలింగ్ టవర్ మోటార్: సొంత ఫ్యాన్ ఉన్నదా, లేనిదా?

బీచ్‌రోడ్ ఫిట్టర్
విశాఖలో సముద్రం పక్కనే ఉన్న హోటల్లో మెయింటెనెన్స్ చూస్తాను. టెర్రస్ మీద బాటిల్ రకం కూలింగ్ టవర్ ఉంది. ఫ్యాన్‌కి నేరుగా బిగించిన 5 హెచ్‌పీ మోటార్, 8 పోల్, షాఫ్ట్ కిందికి. ఒళ్లంతా మూసి వెనక సొంత ఫ్యాన్ ఉండే టీఈఎఫ్‌సీ, దుమ్ము, నీళ్లు ఎంతవరకు ఆపుతుందో చెప్పే రేటింగ్ ఐపీ55. రెండేళ్లలో రెండుసార్లు కాలింది, రెండూ వానాకాలంలోనే. వైండింగ్ షాపాయన ఈసారి అలాగే మూసి ఉన్నా సొంత ఫ్యాన్ లేని టీఈఏఓ పెట్టమంటాడు. డీలరేమో ఐపీ55 ఉండగా ఇంకేం కావాలంటాడు. ఎవరి మాట వినాలి?

తీగచుట్ట
వైండింగ్ ఆయన మాటే వినండి. 8 పోల్ అంటే నిమిషానికి 750 చుట్లు కూడా తిరగదు. ఆ స్పీడ్‌లో వెనకున్న చిన్న ఫ్యాన్ విసిరే గాలి ఎంతని? పైగా షాఫ్ట్ కిందికి ఉంటే అది పైనుంచి కిందికి ఊదుతుంది, టవర్ గాలేమో కిందినుంచి పైకి తన్నుకొస్తుంది. ఒకదానికొకటి ఎదురు. ఆ ఫ్యాను, దాని మీది రేకు తీసేస్తే టవర్ గాలే మోటార్‌ని చల్లబరుస్తుంది. ఉప్పుగాలికి తుప్పు పట్టే రేకు కూడా ఒకటి తగ్గుతుంది.

స్టోర్ తాళాలు
చెప్పడానికి బాగుంది. టీఈఏఓ బతికేదే ఎదురొచ్చే గాలి మీద. మా ప్లాంట్‌లో స్పేర్‌గా ఉన్నదాన్ని ఒకాయన అర్జెంటని పంపుకి బిగించాడు. గంట కాకముందే వార్నిష్ కాలిన వాసన. సొంత ఫ్యాన్ ఉన్నదైతే టవర్‌కీ పంపుకీ ఒకే స్పేర్ సరిపోతుంది. రేపు స్పీడ్ మార్చే డ్రైవ్, అదే వీఎఫ్‌డీ, పెట్టి స్పీడ్ తగ్గిస్తే టీఈఏఓకి గాలి ఎక్కణ్నుంచి వస్తుంది?

తీగచుట్ట
అన్నా, స్పీడ్ సగమైతే ఫ్యాన్ లాగే పవర్ ఎనిమిదో వంతుకి పడిపోతుంది. గాలి తగ్గినా వేడి అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. స్పేర్ సంగతి మాత్రం ఒప్పుకుంటాను.

డల్లాస్ డక్ట్
మధ్యలో ఒక మాట. ఇక్కడ అమెరికాలో బిల్డింగ్ లోపల ఏసీ గాలి పంపే ఏహెచ్‌యూల్లో తెరిచిన బాడీ మోటార్లు చాలా చూస్తుంటాను. నిలువు నుంచి 15 డిగ్రీల వాలు దాకా పడే చుక్క లోపలికి పోకుండా చేసినవి. ఇండియాలో ఎండలేని గదిలో కూడా టీఈఎఫ్‌సీయే అడుగుతారెందుకు? టవర్ మీదైతే మేమూ మూసిందే పెడతాం.

చెమ్మ
అందరూ చల్లదనం మీదే కొట్టుకుంటున్నారు. ఫిట్టర్ గారూ, కాలిన వైండింగ్ ఎలా ఉంది? మొత్తం ఒకేలా నల్లబడిందా, ఒక్కచోటే చిల్లు పడిందా?

బీచ్‌రోడ్ ఫిట్టర్
ఒక్కచోటే అండి, కింది వైపు స్లాట్ అంచున. మిగతా రాగి కొత్తదానిలా ఉంది. టెర్మినల్ బాక్స్ మూత తీస్తే అడుగున చెంచాడు నీళ్లు, బోల్టుల చుట్టూ పచ్చటి చిలుము.

చెమ్మ
అయితే అది వేడికి పోలేదు. ఓవర్‌హీటైతే మూడు ఫేజులూ నల్లబడేవి. ఐపీ55లో రెండో 5 పైప్‌తో కొట్టే నీళ్లను ఆపుతుంది, తేమగాలిని కాదు. టవర్ పైన గాలంతా ఆవిరే. మోటార్ ఆగి చల్లబడగానే బేరింగ్ సందుల్లోంచి ఆ గాలిని లోపలికి పీలుస్తుంది. లోపల అది నీరవుతుంది. టీఈఏఓ అయినా అంతే పీలుస్తుంది. ఆ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ ప్లగ్ ఎక్కడుంది?

బీచ్‌రోడ్ ఫిట్టర్
ఇప్పుడే పైకెక్కి చూశాను. పక్కన, కాళ్లుండే వైపు! అడ్డంగా పడుకోబెట్టే మోటార్‌ని నిలబెట్టి బిగించారు. నీళ్లు ఆ ప్లగ్ దాకా చేరేలోపు వైండింగ్ మునుగుతుంది.

చెమ్మ
దొరికింది. షాఫ్ట్ వైపు చివరి మూత, అంటే ఎండ్‌షీల్డ్‌లో, అన్నిటికంటే కింద డ్రెయిన్ ఉన్నది తీసుకోండి. లోపల తేమ నీరవకుండా వెచ్చగా ఉంచే స్పేస్ హీటర్ అడగండి. మోటార్ ఆగినప్పుడే వెలిగేలా స్టార్టర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కలిసి ఉండే ఎన్‌సీ కాంటాక్ట్ నుంచి సప్లై ఇవ్వండి. బాక్స్‌లోకి కేబుల్ దూరే గ్లాండ్ పైకి చూడకూడదు.

స్టోర్ తాళాలు
హీటర్ సప్లై వేరే అయితే మోటార్ ఐసోలేటర్ దించినా ఆ బాక్స్‌లో కరెంటు ఉంటుంది తమ్ముడూ. మూత మీద ఎర్ర పెయింట్‌తో రాయించు. మోటార్ మాత్రం టీఈఎఫ్‌సీయే.

తీగచుట్ట
టీఈఏఓయే. 750 లోపు ఆ ఫ్యాన్ దండగ.

బీచ్‌రోడ్ ఫిట్టర్
మీరిద్దరూ తేల్చుకోండి. మా వాళ్లు రాత్రి పదింటికి మెయిన్ కూడా దించేస్తారు, హీటర్ ఎలా వెలగాలో నేను వాళ్లతో తేల్చుకోవాలి.