చలికీ వేడికీ తట్టుకునే చిప్‌ల మీద కెరీర్ నిలబడుతుందా?

ప్రశ్న (ఈసీఈ మూడో ఏడు, విజయనగరం)
జాన్ క్రెస్లర్ అనే అమెరికా ఇంజనీరింగ్ ప్రొఫెసర్ గురించి చదివాను. ఐబీఎంలో మొదలుపెట్టి, ఆబర్న్ యూనివర్సిటీలో పదేళ్లు చేసి, 2002లో జార్జియా టెక్‌కి వెళ్లారు. ఎక్కడున్నా పట్టుకున్నది సిలికాన్-జెర్మేనియం ట్రాన్సిస్టర్లే, చంద్రుడి మీద చలిలో, రేడియేషన్‌లో కూడా పనిచేసేలా. ఇంట్లో చెబితే మా నాన్న "చంద్రుడి మీద ఉద్యోగం ఎవడిస్తాడ్రా, ముందు బ్యాంకు కోచింగ్‌కి ఫీజు కట్టు" అన్నారు. ఇంత చిన్న సబ్జెక్టు మీద ఇన్నేళ్లు ఎలా నిలబడతారు?

జవాబు (పీహెచ్‌డీ చేస్తున్నా, ఊరు రాజాం)
తమ్ముడూ, మామూలు సిలికాన్ బైపోలార్ ట్రాన్సిస్టర్‌ని బాగా చల్లబరిస్తే గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే శక్తి, పడిపోతుంది. బేస్‌లో, అంటే దాని మధ్య పొరలో, జెర్మేనియం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే చలిలో గెయిన్ ఇంకా పెరుగుతుంది. అసలు దీన్ని తయారుచేసింది స్పీడు కోసం, చలికి తట్టుకోవడం కొసరు. ఫోన్లకీ రాడార్లకీ ఈ చిప్‌లు కావాలి కాబట్టి ఫ్యాబ్‌లు (చిప్‌లు చేసే ఫ్యాక్టరీలు) నడుస్తూనే ఉన్నాయి, క్రెస్లర్ రీసెర్చి వాటి మీద సవారీ చేసింది. అదే చంద్రుడి కోసమని విడిగా ఫ్యాక్టరీ పెట్టాల్సి వస్తే మీ నాన్నగారి మాటే నిజమయ్యేది.

అవసరం లేదనుకోకు. చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది, అక్కడి పగలంతా పనిచేసింది, రాత్రికి నిద్రపుచ్చితే మళ్లీ లేవలేదు. రోవర్లలో బోర్డుల్ని వెచ్చటి పెట్టెలో పెట్టి మోటార్ల దాకా వైర్లు లాగుతారు. ఆ పెట్టే లేకుండా −180 నుంచి +120 డిగ్రీల దాకా నడిపించాలన్నదే నాసా కోసం ఆయన టీమ్ చేసిన పని.

వేడి సంగతి వేరు. శుక్రుడి మీద 460 డిగ్రీలు, అక్కడ సిలికాన్ పనికిరాదు, సిలికాన్ కార్బైడ్ కావాలి. 1982లో సోవియట్ ల్యాండర్ వెనెరా 13 అక్కడ 127 నిమిషాలే బతికింది. నాసా వాళ్ల కార్బైడ్ సర్క్యూట్ మాత్రం అలాంటి వాతావరణాన్ని ల్యాబ్‌లో సృష్టించి పెడితే 21 రోజులు దాటి నడిచింది.

జవాబు (టెక్కలి, రిపేరు షాపు)
చంద్రుడి దాకా ఎందుకు బావూ, భావనపాడు పడవల జీపీఎస్ సెట్లు చూడండి. నౌపడ ఉప్పు మడుల మీంచి వచ్చే గాలికి షాపులో నా స్క్రూడ్రైవర్లే తుప్పు పడతాయి, ఇంక సముద్రంలోకి వెళ్లే సెట్టు సంగతి చెప్పాలా. మూత తీస్తే చిప్ శుభ్రంగానే ఉంటుంది, దాని కాళ్ల దగ్గర ఇత్తడి బిందెకి పట్టినట్టు పచ్చటి చిలుము. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పోసి టూత్‌బ్రష్‌తో రుద్ది కోటింగ్ కొడితే చాలావరకు లేస్తాయి. కొందరు మూత చుట్టూ ఎంసీల్ పూసి తెస్తారు, లోపలికి వెళ్లిన తేమ ఇక బయటికి రాదు, అవి విప్పడానికే నాకు పూట పడుతుంది.

జవాబు (పీహెచ్‌డీ)
అన్నా, మా ల్యాబ్‌లోనూ ఇదే బాధ. చిప్ తట్టుకుంటుంది, అతుకు తట్టుకోదు. మామూలు టిన్-లెడ్ సోల్డర్ 183 డిగ్రీలకే కరిగిపోతుంది, శుక్రుడి మీద నీళ్లే. తమ్ముడూ, ముందు ప్యాకేజింగ్, అంటే చిప్‌కి తొడుగు వేసి బోర్డుకి అతికించే పని, చదువు, దాని జోలికి వెళ్లేవాళ్లు తక్కువ.

ప్రశ్న అడిగిన వ్యక్తి
టెక్కలి అన్నగారూ, ఆదివారం వస్తే ఒక సెట్టు విప్పి చూపిస్తారా? ఇంట్లో రిపేరు నేర్చుకుంటున్నానని చెబుతా, దానికైతే నాన్న ఏమీ అనరు.

జవాబు (టెక్కలి)
రా. నాలుగు దాటాక రా, పొద్దున్న పడవలోళ్లు కూర్చుంటారు. పాత టూత్‌బ్రష్ ఒకటి తెచ్చుకో.