ప్లాన్ 100, మేడ మీద 20 కూడా రావట్లేదు: లోపం లైన్‌లోనా, వైఫైలోనా?

దేవరకొండ పోరడు

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది దేవరకొండ. లోకల్ కేబుల్ ఆపరేటర్ దగ్గర తీసుకున్న ఫైబర్ కనెక్షన్ ఉంది, 100 ఎంబీపీఎస్ ప్లాన్. రూటర్ కింద హాల్లో, టీవీ వెనకాల బిగించి వెళ్లారు, పక్కనే బీరువా. నేను మేడ మీద గదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పని చేస్తాను. వీడియో కాల్‌లో మాట తెగిపోతోంది, అదే టైంలో చెల్లె క్లాసు వింటుంటే ఇంకా ఘోరం. కింద సోఫాలో ఫోన్‌తో టెస్ట్ చేస్తే 80 దాకా చూపిస్తుంది, పైన 18, 20 మించట్లేదు.

ఆపరేటర్‌ను అడిగితే లైన్ మంచిగనే ఉంది, 200 ప్లాన్‌కు మారండి అంటున్నాడు. మా దోస్త్ ఏమో ఈ వైర్ల గోల వద్దు, మేడ మీద 5జీ బాక్స్ పెట్టించుకో అంటున్నాడు. డబ్బులు పెట్టే ముందు నాకు అసలు సంగతి అర్థం కావాలి. ఫైబర్ అంటే వైరు, వైఫై అంటే వైర్‌లెస్, ఆ 5జీ బాక్స్ కూడా వైర్‌లెసే. మరి నా స్పీడ్ ఎక్కడ పోతోంది? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి, ప్లీజ్.

పాలమూరు స్ప్లైసర్

తమ్మీ, ప్లాన్ ఇప్పుడే మార్చకు. నేను మహబూబ్‌నగర్ వైపు ఫైబర్ జాయింట్లు కొట్టే పనిలో ఉన్నా, రోజూ ఇదే చూస్తుంటా. మీ ఇంటి నెట్‌లో రెండు భాగాలున్నాయి. ఆపరేటర్ ఆఫీసు నుంచి మీ హాల్లోని రూటర్ డబ్బా దాకా ఒకటి, ఆ డబ్బా నుంచి నీ ఫోన్ దాకా రెండోది. ఒకటి బ్రహ్మాండంగా ఉండి రెండోది పాడుగా ఉండొచ్చు. జనం ఈ రెండిటినీ కలిపి 'నెట్ స్లో' అంటారు, అక్కడే ఆపరేటర్‌తో గొడవ మొదలవుతుంది.

మొదటి భాగంలో తీగలో పారేది కరెంటు కాదు, వెలుగు. వెంట్రుక అంత సన్నటి గాజు తీగలో లేజర్ వెలుగు వేగంగా ఆరి వెలుగుతూ సమాచారం మోస్తుంది. ఆఫీసు నుంచి బయల్దేరిన ఒకే తీగను స్తంభం మీది చిన్న బాక్సులో స్ప్లిట్టర్ పెట్టి 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. ఆ స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కర్లేదు, లోపల గాజే. అందుకే బజారంతా కరెంటు పోయినా ఆఫీసులో బ్యాకప్ ఉండి, మీ డబ్బా ఇన్వర్టర్ మీద ఉంటే నెట్ ఆగదు. మామూలుగా మన దగ్గర వాడే జీపాన్ పద్ధతిలో ఆ ఒక్క తీగ మీద సెకనుకు ఇళ్ల వైపు సుమారు 2.5 గిగాబిట్లు, ఆఫీసు వైపు 1.25 గిగాబిట్లు వెళ్తాయి, అందరూ దాన్నే పంచుకుంటారు. రాత్రి 8 తర్వాత ఊరంతా స్లో అయితే సాధారణంగా తప్పు గాజుది కాదు, ఆపరేటర్ పెద్ద కంపెనీల దగ్గర కొన్న బ్యాండ్‌విడ్త్, అంటే మొత్తం నెట్ సామర్థ్యం, ఊరికి చాలట్లేదని అర్థం.

ఈ భాగంలో లోపం ఉంటే గుర్తులు వేరుగా ఉంటాయి. డబ్బా మీద లాస్ అనే ఎర్ర లైటు వెలిగితే వెలుగు రావట్లేదన్నమాట. వరికోతల సీజన్లో గడ్డి ట్రాక్టర్లు వైర్లు తెంపుకుని పోతాయి, కోతులు ఊగి జాయింట్లు లాగేస్తాయి, ఈ రెండిటితో మాకు నిద్ర ఉండదు. పూర్తిగా తెగకపోయినా, మేకు దగ్గర వైరు గట్టిగా మడత పడితే వెలుగు అక్కడే కారిపోతుంది. టెక్నీషియన్ వస్తే వెలుగు ఎంత బలంగా వస్తోందో కొలిచే పవర్ మీటర్ పెట్టి చూడమని అడుగు, ఆ కొలత డీబీఎంలలో ఉంటుంది, మైనస్ 27 దగ్గరికి పోతే లింకు తెగుతూ ఉంటుంది, మైనస్ 20 అటూ ఇటూ ఉంటే నిశ్చింతగా ఉండు.

నీకు కింద 80 వస్తోంది కాబట్టి మొదటి భాగం బాగానే ఉన్నట్టుంది. కానీ అనుమానం పూర్తిగా పోవాలంటే ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో డబ్బాకు పెట్టి, వైఫై ఆపేసి టెస్ట్ చెయ్యి. అది చేయకుండా ఎవరు ఏ ప్లాన్ అమ్మినా కొనకు.

మిర్యాలగూడ రైస్

అంత అవసరమా అన్నా? మెట్ల మీద ఒక రిపీటర్ పెడితే అయిపోతుంది. ఆన్‌లైన్‌లో తక్కువకే దొరుకుతుంది, మా మిల్లులో అదే నడుస్తోంది.

ల్యాబ్ ఇన్‌ఛార్జి, నల్లగొండ

మిల్లులో బిల్లులు కొట్టడానికి రిపీటర్ సరిపోతుందండి, వీడియో కాల్‌కు మాత్రం నేను చెప్పను. మామూలు రిపీటర్ రూటర్ మాట విని, అదే ఛానెల్ మీద మళ్లీ తనే చెప్పాలి. ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు పోతుంది, స్పీడ్ సగానికి సగం అక్కడే పడిపోతుంది. పైగా సిగ్నల్ నీరసంగా ఉన్న చోట దాన్ని పెడితే ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తాయి, నెట్ మాత్రం రాదు. ఆ గీతలు ఫోన్‌కూ రిపీటర్‌కూ మధ్య సంగతి మాత్రమే చెప్తాయి.

దేవరకొండ తమ్ముడూ, నీ ప్రశ్నలో అసలైన భాగం వైఫైదే. నేను కాలేజీ ల్యాబ్ నెట్‌వర్క్ చూస్తాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. వైఫై అంటే రేడియో. ఒక ఛానెల్ మీద ఒక క్షణంలో ఒక్కరే మాట్లాడగలరు, గ్రామసభలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగినట్టే. నీ ఫోన్, చెల్లె ల్యాప్‌టాప్, కింద టీవీ అన్నీ వంతులు తీసుకుంటాయి. సిగ్నల్ అందని పరికరం మెల్లగా, మళ్లీ మళ్లీ చెప్పుకోవాలి, దానివల్ల దగ్గరున్నవాళ్ల టైం కూడా పోతుంది. అంటే మేడ మీద నీ ఫోన్ ఇబ్బంది పడుతుంటే కింద టీవీకి కూడా దెబ్బే.

మీ డబ్బాలో బహుశా రెండు బ్యాండ్లు, అంటే రెండు రేడియో దారులు, ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది కానీ ఇరుకు. ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మూడే, అవే పక్కింటివాళ్లూ వాడతారు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే. మామూలు ఫోన్‌కు ఆ బ్యాండ్‌లో లింకు 72 ఎంబీపీఎస్ చూపించినా చేతికొచ్చేది 40, 50. 5 గిగాహెర్ట్జ్ వెడల్పు, వేగం, కానీ స్లాబు తగిలితే నీరసపడుతుంది. మన వైపు పాత ఇళ్లలో మూరెడు మందం రాతి గోడలుంటాయి, వాటి ముందు రెండూ ఓడిపోతాయి. ఇనుప బీరువా సిగ్నల్‌ను వెనక్కి కొడుతుంది, నీళ్ల ట్యాంకు మింగేస్తుంది. టీవీ వెనకాల, బీరువా పక్కన రూటర్ పెట్టడం అంటే రెండు వైపులా అడ్డం కట్టడమే, ఆ బిగించినవాళ్లు ఇంటివాళ్లను ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

కాబట్టి 200 ప్లాన్ తీసుకున్నా పైన అదే 20 వస్తుంది. ఆగుతున్నది స్లాబు దగ్గర, ప్లాన్ దగ్గర కాదు. కింది నుంచి పైకి క్యాట్ 6 అనే రకం ల్యాన్ వైరు ఒకటి లాగించు, పైన ఒక చిన్న రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టు, అంటే అది వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా వదలడం మాత్రమే చేస్తుంది. రాగి వైరు అయినా 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, రెండు వైపులా ఒకేసారి, వంతుల్లేకుండా. కాల్‌లో మాట తెగడానికి స్పీడ్ కన్నా ఈ వంతుల ఆలస్యమే ఎక్కువ కారణం. వీలైతే ఆఫీసు ల్యాప్‌టాప్‌ను నేరుగా వైరుకే పెట్టుకో.

అచ్చంపేట తండా

5జీ బాక్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. మా తండాకు ఫైబర్ రాలేదు, నేను అదే వాడుతున్నా, నాకు మేలే జరిగింది. ఎయిర్‌టెల్, జియో రెండూ ఈ ఎయిర్‌ఫైబర్ సర్వీసును 2023లో పెద్ద నగరాల్లో మొదలుపెట్టాయి, తర్వాత చిన్న ఊళ్లకు వచ్చింది. మేడ మీద ఒక యాంటెన్నా డబ్బా టవర్ వైపు చూస్తూ ఉంటుంది, అక్కడి నుంచి వైరు కిందికి దిగి ఇంట్లో రూటర్‌కు వస్తుంది. గమనించావా తమ్మీ, ఆపరేటర్ ఫైబర్ స్థానంలో టవర్ సిగ్నల్ వచ్చిందంతే. ఇంట్లో మళ్లీ అదే వైఫై, అదే స్లాబు. నీ సమస్య తీరదు.

పైగా టవర్‌ను ఊళ్లో ఫోన్లన్నీ పంచుకుంటాయి, జాతర రోజు మాకు బాగా తగ్గిపోతుంది. వైరు తెగే బాధ లేకపోవడం ఒకటే లాభం. పొలం దగ్గర సీసీ కెమెరాను ఇంటి నెట్ ద్వారా నేరుగా చూద్దామనుకుంటే మాత్రం ముందే అడుగు. మొబైల్ నెట్‌లో, చాలామంది లోకల్ ఆపరేటర్ల దగ్గర కూడా, ఒకే పబ్లిక్ ఐపీని, అంటే ఇంటర్నెట్‌లో కనిపించే చిరునామాను, ఎందరికో పంచుతారు, బయటి నుంచి నేరుగా లోపలికి రావడానికి దారి ఉండదు. కెమెరా కంపెనీ యాప్ ద్వారా అయితే నడుస్తుంది.

మిషన్ భగీరథ పైపులైన్ల కోసం తవ్విన కాలువల్లోనే తెలంగాణ ప్రభుత్వ ఫైబర్ ప్రాజెక్టు టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు కదా, అది మా తండాలో ఇళ్ల దాకా వచ్చిన రోజు నేను ఫైబర్‌కే మారతా.

దేవరకొండ పోరడు

అందరికీ చాలా థాంక్స్. వైరు పెట్టి చూశా. కింద ల్యాప్‌టాప్‌లో 94 వస్తోంది, పొద్దునా రాత్రీ అంతే. రూటర్‌ను బీరువా పక్క నుంచి తీసి మెట్ల వైపు గోడకు పెడితేనే పైన 35 అయింది. ఇంకో డౌట్, 100 ప్లాన్‌కు 94 ఏమిటి? ఇంకా, పైకి వైరు లాగాలంటే కరెంటు వైర్లు పోయే పైపులోనే వేయొచ్చా?

పాలమూరు స్ప్లైసర్

94 అంటే నీ లైన్ నిండుగా ఉన్నట్టే. 100 ఎంబీపీఎస్ ల్యాన్ పోర్టులో ప్యాకెట్ల, అంటే సమాచారపు ముక్కల, చిరునామాలు, తలకట్టు పోగా మిగిలేది అంతే. ఇంకోటి, ఫైల్ దిగేటప్పుడు సెకనుకు 11, 12 ఎంబీ చూపిస్తే కంగారుపడకు, అది బైట్ల లెక్క, ప్లాన్ చెప్పేది బిట్ల లెక్క, బైటుకు 8 బిట్లు, అందుకే 8తో గుణించు. రేపు పెద్ద ప్లాన్‌కు మారితే ముందు డబ్బాలో గిగాబిట్ పోర్టు ఉందో లేదో చూసుకో, లేకపోతే 300 ప్లాన్ తీసుకున్నా వైరులో 94 దగ్గరే ఆగుతుంది.

కరెంటు పైపులో వద్దు. ఎక్కడైనా ఇన్సులేషన్ పోతే 230 వోల్టులు నీ ల్యాప్‌టాప్‌కే వస్తాయి. వేరే పైపు వేయించు, కరెంటు లైన్‌కు జానెడు ఎడం ఉంచు. గోడ బయటి నుంచి తెస్తే ఎండకు తట్టుకునే నల్ల తొడుగు వైరు అడుగు, మామూలుది పాలమూరు ఎండకు పగిలిపోతుంది. పిడుగులు పడే రోజు ఆ వైరు రెండు చివర్లూ పీకెయ్యి. ముఖ్యంగా వైరు చివర క్లిప్ కొట్టేవాడితో లోపలి 8 తీగలూ కలిపించు, కొందరు 4 కలిపి లేచిపోతారు, అప్పుడు గిగాబిట్ రాదు.

ల్యాబ్ ఇన్‌ఛార్జి, నల్లగొండ

పైన పెట్టే రూటర్‌లో డీహెచ్‌సీపీ, అంటే పరికరాలకు ఐపీ చిరునామాలు పంచే పని, ఆపెయ్యి తమ్ముడూ, యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అదే ఆపుతుంది. కింద ఛానెల్ 1 అయితే పైన 6 కానీ 11 కానీ పెట్టు. పేరు, పాస్‌వర్డ్ రెండిటికీ ఒకటే ఇస్తే మెట్లు ఎక్కుతుంటే ఫోన్ తనే మారుతుంది. చెల్లె ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు కలుపు, పైన స్లాబు అడ్డం లేదు కాబట్టి మంచిగ వస్తుంది.