సెయింట్ లూయిస్‌లో పెద్దవాళ్ళకి ఏవి చూపించాలి? మూడు రోజులే ఉన్నాయి

పర్లాకిమిడి_అబ్బాయి:
అమ్మా నాన్నగారూ అక్టోబరులో పర్లాకిమిడి నుంచి అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో అక్క ఇంటికి వెళ్తున్నారు. అక్కకీ బావగారికీ సెలవు దొరికేది మూడు రోజులే. నాన్నగారికి 69 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. చదును మీద అరగంట నడుస్తారు గానీ మెట్లంటే కష్టం. అమ్మ చీరే కడుతుంది, గుడ్డు కూడా తినదు. అక్కడి పెద్ద కమాను, గేట్‌వే ఆర్చ్ పైకి ఎక్కించొచ్చా? మ్యూజియాల్లో ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

గంజాం_రోడ్డు:
ముందు ఆర్చ్ సంగతి. ఎత్తు 630 అడుగులు, రెండు కాళ్ళ మధ్య వెడల్పూ అంతే. పైకి వెళ్ళేది మామూలు లిఫ్టులో కాదు. ఒక్కో కాలు లోపల ఎనిమిది చిన్న డబ్బాల రైలు ఉంటుంది, డబ్బాకి ఐదుగురు. తలుపు ఎత్తు నాలుగడుగులే. నడుం వంచి దూరి, ఎదుటివాళ్ళ మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేలా కూర్చోవాలి. ఎక్కడానికి నాలుగు నిమిషాలు, దిగడానికి మూడు. ఆ కాసేపు ఓర్చుకోవచ్చు. అసలు చిక్కు మెట్లతో: మొత్తం మీద కనీసం 96 మెట్లు ఎక్కి దిగాలి. చక్రాల కుర్చీ పైకి రానివ్వరు, పైన బాత్‌రూమ్ లేదు. కిటికీలు ఏడంగుళాల ఎత్తు, 27 అంగుళాల వెడల్పు. ఏటవాలు గోడ మీదకి వాలితేనే కింద ఊరు కనబడుతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్న మీ నాన్నగారిని ఎక్కించొద్దనే నా మాట.

అలాగని ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టక్కర్లేదు. ఆర్చ్ కింద భూగర్భంలో ఉన్న మ్యూజియం ఉచితం, చక్రాల కుర్చీతో తిరగొచ్చు. ఆర్చ్ కొన నమూనా అక్కడే కట్టారు, పైనున్న కెమెరాల దృశ్యం అందులో చూడొచ్చు. అమ్మా అక్కా పైకి వెళ్ళొచ్చేసరికి నాన్నగారు మ్యూజియం నింపాదిగా చూసేస్తారు. రైలు టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, చెప్పిన వేళకి అరగంట ముందుండాలి. లోపలికి వెళ్ళేవాళ్ళందరికీ విమానాశ్రయంలోలాగే తనిఖీ ఉంటుంది. అమ్మగారి తాంబూలం డబ్బాలో అడకత్తెర ఉంటే ఇంట్లోనే పెట్టి రమ్మనండి, గేటు దగ్గర ఆపేస్తారు.

వంశధార_ఒడ్డు:
రెండో రోజంతా ఫారెస్ట్ పార్కుకే ఇవ్వండి. సుమారు 1,300 ఎకరాలు. జూ, ఆర్ట్ మ్యూజియం, మిస్సోరీ చరిత్ర మ్యూజియం లోపలే, సైన్స్ సెంటర్ దాని అంచున. నాలుగింటికీ ప్రవేశం ఉచితం. 1971లో అక్కడి జనం ఓటేసి ఒప్పుకున్న ఆస్తి పన్నుతో జూనీ మ్యూజియాలనీ నడుపుతున్నారు. బయటి ఊరివాళ్ళ దగ్గరా పైసా అడగరు, ఈ ఏర్పాటు నిజంగా మెచ్చుకోదగ్గది.

నాలుగూ ఒకే రోజు అనుకుంటే మాత్రం దెబ్బతింటారు. పార్కు పెద్దది, ఒకదాన్నుంచి ఇంకోదానికి కారెక్కాల్సిందే. పొద్దున్నే జూ, మధ్యాహ్నం ఆర్ట్ మ్యూజియం చాలు. జూలో దారి ఎత్తుపల్లాలు. డబ్బు కట్టి ఎక్కే చిన్న రైలుంది, నాన్నగారికి అదే నయం. పార్కింగుకీ డబ్బులు తీసుకుంటారు. లోపల 1904 నాటి ప్రపంచ ప్రదర్శనకి కట్టిన పక్షుల పంజరం తప్పక చూడండి: 228 అడుగుల పొడుగు, 50 అడుగుల ఎత్తు, మనుషులు లోపలికి నడిచి వెళ్ళేంత. ఆర్ట్ మ్యూజియం భవనమూ ఆ ప్రదర్శనకి కట్టిందే. సోమవారం ఆర్ట్, చరిత్ర మ్యూజియాలు మూసేస్తారు, ఆ రోజు పెట్టుకోకండి. సిటీ మ్యూజియం పేరు చూసి మోసపోవద్దు. అది పాత చెప్పుల కంపెనీ భవనం, పిల్లలు పాకుతూ, జారుతూ తిరిగే చోటు. చీరతో అసలు కుదరదు.

తారాతారిణి_మెట్లు:
పై ఇద్దరూ కహోకియా ఊసెత్తలేదు. మిసిసిపీ దాటి ఇల్లినాయిస్ వైపు, ఊరి నడిబొడ్డు నుంచి కారులో ఇరవై నిమిషాలు. కొలంబస్ రాకముందే అక్కడివాళ్ళు బుట్టలతో మట్టి మోసి పోసిన దిబ్బలు. పెద్దది వంద అడుగుల ఎత్తు, దాని అడుగే సుమారు 14 ఎకరాలు. 1982 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. జౌగడలో అశోకుడి శాసనం చూసి ఆగిపోయే మనిషైతే నాన్నగారికి ఇది నచ్చి తీరుతుంది. పైకి 150కి పైగా మెట్లు. మన తారాతారిణి కొండ గుడి 999 మెట్ల ముందు తక్కువే గానీ ఆయన కింద నుంచే చూడాలి, కింద చదునే. నీడ ఉండదు, టోపీ, నీళ్ళు వెంట ఉంచండి.

పర్లాకిమిడి_అబ్బాయి:
అందరికీ చాలా థాంక్సండీ. మూడో రోజు పొద్దున్న కహోకియా పెట్టాను. మధ్యాహ్నం ఖాళీ. తిండి విషయంలో జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

గంజాం_రోడ్డు:
ఆ పూట బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళండి, దానికి టికెట్టు కొనాలి. 1859 నాటి తోట. క్లైమాట్రాన్ అనే గాజు గుమ్మటం లోపల మధ్యలో ఒక్క స్తంభం లేదు, మన అరటి లాంటి వేడి దేశాల చెట్లుంటాయి. బయట చలైనా లోపల ఉక్కే, స్వెటర్ తీసి చేత పట్టుకోండి. దారులు చదును.

తిండి: ఆ ఊరి ఫ్రోజెన్ కస్టర్డ్ ఐస్‌క్రీంలా కనిపిస్తుంది గానీ అందులో గుడ్డు పచ్చసొన ఉంటుంది. అమ్మగారికి వద్దు. టోస్టెడ్ రావియోలీ అంటే లోపల కూరి నూనెలో వేయించే పాస్తా, అందులో తరచుగా గొడ్డుమాంసం పెడతారు, అడగకుండా తీసుకోవద్దు. పులిహోర కట్టించుకుని వెళ్తే హాయి.