అప్‌డేట్: పెట్ స్కాన్‌లో ఏమీ లేదన్నారు, ఎంఆర్‌ఐలో దొరికింది

మా అమ్మకు హెర్‌2 పాజిటివ్ (క్యాన్సర్ కణాల మీద హెర్‌2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకం) రొమ్ము క్యాన్సర్. క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూసే పెట్ స్కాన్ క్లీన్‌గా వచ్చినా తలనొప్పి, నడుస్తుంటే తూలడం తగ్గట్లేదు, మెదడుకు ఎంఆర్‌ఐ తీయించాలా అని ఇక్కడ అడిగాను. తీయించమని చెప్పిన ప్రతి ఒక్కరికీ రుణపడి ఉంటాను.

హనుమకొండలోనే కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ (నరంలోకి మందు ఎక్కించి తీసేది) తీయించాం. చిన్నమెదడులో 8 మిల్లీమీటర్ల గడ్డ ఉంది. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూపించారు. పెట్‌లో మెదడంతా వెలిగిపోతోంది. మెదడు మామూలుగానే గ్లూకోజ్ బాగా లాగేస్తుంది, ఆ స్కాన్‌కు ఎక్కించే ఎఫ్‌డీజీ కూడా గ్లూకోజ్ లాంటిదే. ఆ వెలుగులో చిన్న గడ్డ కలిసిపోయింది. ఎంఆర్‌ఐలో మాత్రం తెల్లటి అంచుతో గుండ్రంగా, స్పష్టంగా ఉంది. హెర్‌2 పాజిటివ్, ట్రిపుల్ నెగటివ్ (హెర్‌2 గానీ, హార్మోన్ గ్రాహకాలు గానీ లేని రకం) వాళ్లలో మెదడుకు పాకే అవకాశం ఎక్కువ. ఇలాంటి లక్షణాలుంటే పెట్ రిపోర్టు చూసి ఆగిపోకండి, దయచేసి.

హెర్‌2ను పట్టుకునే మందుకు జిర్కోనియం-89 అనే రేడియోధార్మిక పదార్థం జోడించి తీసే పెట్ గురించి కూడా అడిగాను. అది ఇంకా పరిశోధనల్లోనే ఉందట. రేడియేషన్ తర్వాత గడ్డ పెరిగినట్టు కనిపిస్తే, అది క్యాన్సరా, రేడియేషన్‌కు చచ్చిన కణజాలమా తేల్చడానికి గ్లూకోజ్ లాంటిదానికి బదులు అమైనో ఆమ్లాలు ఎక్కించి తీసే పెట్ పనికొస్తుందన్నారు.

గడ్డ ఒక్కటే కాబట్టి రేడియోసర్జరీ (కోత లేకుండా గడ్డకే గురిపెట్టి రేడియేషన్ ఇవ్వడం) చేశారు. తూలడం తగ్గింది, తలనొప్పి అప్పుడప్పుడు వస్తోంది. టెన్షన్ ఇంకా పోలేదు. తర్వాతి ఎంఆర్‌ఐ అయ్యాక మళ్లీ రాస్తాను.